ఊక

బెజవాడలో చలికాలం
కృష్ణలంక కరకట్ట దిగువన
ఒక రేకుల షెడ్డులో ఏడాది పొడవునా కాపురం ఉండేది.
బయట రోహిణి కార్తె. తారుకి అంటుకున్న చెప్పు
కాలితో రానని మొరాయించేది.
గోనెపట్టా తెర పక్కకి తీస్తే చాలు,
నోట్లోంచి పొగ.

పనిలో చేరిన రోజు పరిగెత్తాను.
పంతొమ్మిదేళ్ల వాణ్ణి, పరిగెత్తక?
మూడో అడుగు నేల మీద పడలేదు,
నేను పడ్డాను.
నా మీదకి జారుకుంటూ వస్తున్న ఐసు దిమ్మని
కొక్కెంతో ఆపాడు బాజీ మావ.
నవ్వలేదు.
"లేవకు. కాసేపు అట్లానే ఉండు.
దాని మీద ఎట్లా ఉండాలో దాన్నే అడుగు."

మర్నాటి నుంచి నడక నేర్పాడు,
ఏడాది పిల్లాడికి నేర్పినట్టు.
మడమ ముందు దింపకు, పాదం మొత్తం ఒక్కసారే ఆనించు.
అడుగంటే జానెడు.
జానెడు దాటితే అది నీ అడుగు కాదు, ఐసుది.
మోకాళ్లు కాస్త వంచు,
ఓనరు ముందు వంచినంత అక్కర్లేదు.
జేబులో చేతులెందుకురా, ఏముందని అందులో?
బయటికి తియ్యి, బాతు రెక్కల్లా పెట్టు.

తెల్లగా గరుకుగా ఉన్నదాన్ని సగం నమ్మొచ్చట.
నీళ్లలా మెరిసేదాన్ని అసలు నమ్మకూడదట.
పడక తప్పకపోతే మోస్తున్నది వదిలేసి
పక్కకి ఒరిగి పడాలట.
"గడ్డ పగిలితే రేపటికి మళ్లీ గడ్డ కడుతుంది.
మణికట్టు అట్లా కట్టదు."
అని తన ఎడమ చెయ్యి చూపించాడు.
అది కొంచెం వంకరగా
వేరే ఎవరికో దారి చూపిస్తున్నట్టుంది.

ఉప్పునీళ్ల తొట్టి మీద చెక్కమూతలు,
వాటి పక్కన ఎప్పుడూ ఒక బస్తా ఊక.
ఎక్కడ మెరుపు కనపడితే అక్కడ
పిడికెడు చల్లేవాడు, కోళ్లకి గింజలేసినట్టు.
బియ్యం వదిలించుకున్న పొట్టు
మా అరికాళ్లని పట్టుకునేది.

సాయంత్రం బందరు కాలవ పక్కన ఇంటికి పోతూ
ఎండిన రోడ్డు మీద కూడా
మావది అదే జానెడు, అవే రెక్కలు.
తాగాడనుకునేవాళ్లు తెలియనోళ్లు.
తెలిసినోళ్లు హారన్ కొట్టకుండా పక్కనుంచి పోయేవాళ్లు.

ముప్పైరెండేళ్లలో
ఆ వంకర చెయ్యి తెచ్చిన ఒక్కసారి తప్ప
ఆయన పడలేదు.
పడింది హజరాంబీ అత్త.
ఐసు మీద కాదు, స్నానాల గదిలో,
సబ్బునురగ మీద, పట్టపగలు.
తుంటి విరిగింది.
ఆసుపత్రి వరండాలో, అంత పొడి గచ్చు మీద,
మావ గోడ పట్టుకుని నిలబడ్డాడు.
ఆయన ఒకదాన్ని పట్టుకోవడం
నేను చూడటం అదే మొదలు.

రెండు నెలలకి చూసొద్దామని వెళ్లాను.
గుమ్మంలోకి రాకముందే అత్త గొంతు:
"ఇది ఇల్లా, కోళ్ల ఫారమా?"
స్నానాల గది నుంచి మంచం దాకా
పరిచినట్టుగా ఊక.
ఫ్యాక్టరీ మూసేసిన రోజు అందరూ
ఇనుము తెచ్చుకున్నారు, మోటారు తెచ్చుకున్నారు,
ఆయన ఆ బస్తా తెచ్చుకున్నాడు.

ఆమె ముందు వెనక్కి నడుస్తున్నాడు,
రెండు చేతులూ చాచి.
"జానెడు. జానెడు చాలు.
పాదం మొత్తం ఆనించు. మడమ కాదు, మడమ కాదు."
"తెలుసులే" అంది అత్త,
"పెళ్లైన కాడ్నించి చూస్తన్నాగా నీ బాతు నడక."
అంటూనే ఒక జానెడు వేసింది.
ఇంకోటి వేసింది.
కిటికీలోంచి పడ్డ ఎండముక్క దగ్గర ఆగి
అది తడో ఎండో తేల్చుకోలేక
ఆయన మొహంలోకి చూసింది.
ఆయన వంగి పిడికెడు చల్లాడు.

ఫ్యాను గాలికి ఊక కొంచెం కదిలింది.
నేను తెచ్చిన బత్తాయిల సంచీ గోడకానించి,
చెప్పులు విడిచి,
జేబులోంచి చేతులు తీసి
గడప మీద మోకాళ్లు వంచాను.